కంప్యూటర్ మరణ వాంగ్మూలం

చక్కగా పనిచేస్తున్న కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగిపోతుంది. తెర నీలంగా మారిపోతుంది. 'ఫార్మాట్ కొట్టేద్దాం' అంటారెవరో. ఒక్క నిమిషం ఆగండి! పోయే ముందు అది ఓ కాగితం రాసిపెట్టి పోయింది. ఎవరైనా చదివారా?

గుంతకల్లు రైల్వేస్టేషన్‌కు కూతవేటు దూరంలో ఓ డీటీపీ సెంటర్‌ను ఊహించుకోండి. మే నెల. మధ్యాహ్నం రెండు దాటింది. బయట ఎండ నలభై డిగ్రీలు దాటి మాడ్చేస్తోంది. లోపల ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టడానికొచ్చిన కుర్రాళ్లు బెంచీ మీద వరసగా కూర్చున్నారు. గడువు ఆ రాత్రితో సరి. ఫొటో ఎక్కింది. సంతకం ఎక్కింది. ఫీజు కట్టే పేజీ తెరుచుకుంటోంది... అంతే, తెరంతా నీలం! పైన ఓ ఏడుపు ముఖం బొమ్మ. కింద ఇంగ్లిషులో నాలుగు ముక్కలు. ఇంకా కింద ఓ అంకె... 10 శాతం, 40 శాతం, 100 శాతం. ఆ తర్వాత కంప్యూటర్ తనంతట తానే మళ్లీ మొదలైంది.

''ఏమైందన్నా?''

''సిస్టం పోయిందప్పా. వారంలో మూడోసారి. ఫార్మాట్ కొట్టల్ల, వేరే దారి లేదు.''

ఈ మాట ఒక్క గుంతకల్లులోనే కాదు, కంప్యూటర్ ఉన్న ప్రతి ఊళ్లోనూ వినపడేదే. ఫార్మాట్ అంటే విండోస్ ఉన్న సీ డ్రైవ్ మొత్తం తుడిచేసి మళ్లీ మొదట్నుంచీ ఎక్కించడం. డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న పిల్లల ఫొటోలు, స్కాన్ చేసిన పాస్‌బుక్కులు, సగం టైపు చేసిన పెళ్లిపత్రికలు... వేరేచోట దాచుకోకపోతే అన్నీ గోవిందా. పోనీ రోగమైనా కుదురుతుందా అంటే, చాలాసార్లు కుదరదు. వారం తిరక్కుండానే మళ్లీ అదే నీలి తెర. ఎందుకంటే తప్పు విండోస్‌ది కాకపోవచ్చు. ర్యామ్‌ది కావచ్చు, పాత ప్రింటర్ డ్రైవర్‌ది కావచ్చు. ఎవరిదో తెలుసుకోకుండానే శిక్ష వేసేశాం.

తెలుసుకునే దారి ఉంది. నీలి తెర మీద ఆ శాతాల అంకె పెరుగుతున్నప్పుడు కంప్యూటర్ ఊరికే లేదు. ఆ క్షణాన తన జ్ఞాపకంలో ఏముందో, ఏ పని చేస్తుండగా ఎక్కడ కాలు జారిందో హార్డ్‌డిస్కులో రాసి పెడుతోంది. ఆ ఫైలు పేరే క్రాష్ డంప్. తెలుగులో చెప్పాలంటే మరణ వాంగ్మూలం!

పట్టాలు తప్పిన బండి

గుంతకల్లు వాళ్లకు ఈ సంగతి చెప్పడం మరీ తేలిక. 1956లో డివిజన్ కేంద్రమైన ఈ ఊళ్లో రైలు భాష తెలియని ఇల్లు తక్కువ. ఎక్కడైనా బండి పట్టాలు తప్పిందనుకోండి. ఒకవైపు, వెనక ఆగిపోయిన రైళ్లకు దారివ్వాలి కాబట్టి లైను తొందరగా బాగుచెయ్యాలి. మరోవైపు, ఆ తొందరలో ఆధారాలు చెరిగిపోకూడదు. అందుకే విరిగిన పట్టా ఎక్కడ పడింది, చక్రం గుర్తు ఎక్కడ మొదలైంది అన్నది సూపర్‌వైజర్లంతా కలిసి ముందే రాసుకుంటారు. ఇంజిన్లో వేగాన్ని నమోదుచేసే రికార్డర్ ఉంటుంది. స్టేషన్లో డేటా లాగర్ అనే పెట్టె ఉంటుంది. ఏ సిగ్నల్ రిలే ఏ సెకనులో పడిందో, ఏ సెకనులో లేచిందో అది చెప్పేస్తుంది. వీటిని చూడకుండా 'కొత్త పట్టా వేసేశాం, ఇక పదండి' అంటే విచారణకొచ్చిన అధికారి ఊరుకుంటాడా?

ఫార్మాట్ కొట్టడమంటే సరిగ్గా అదే. పట్టా మార్చేసి, రికార్డర్‌ను చెత్తబుట్టలో వెయ్యడం.

కంప్యూటర్‌కు ఇందులో ఓ చిక్కుంది. దెబ్బ తగిలింది దాని మెదడుకే. ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయను కెర్నల్ అంటారు. తప్పు అక్కడే జరిగితే ఏ భాగాన్ని నమ్మాలో తెలియదు. ఫైళ్లు రాసే విభాగమే చెడిపోయి ఉంటే? రాయబోయి ఉన్న ఫైళ్లను కూడా పాడుచేస్తే? అసలు నీలి తెర వేసి ఆపేయడమే ఆ భయంతో. తప్పుడు లెక్కలతో ముందుకెళ్లి మీ డేటాను నాశనం చెయ్యడం కన్నా ఉన్నచోట ఆగిపోవడం మేలని విండోస్ తనను తాను ఆపుకుంటుంది. మనం తిట్టుకునే ఆ తెర నిజానికి అత్యవసర బ్రేకు.

మరి వాంగ్మూలం రాసేదెలా? కంప్యూటర్ ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఏర్పాటు చేసుకుంటుంది. హార్డ్‌డిస్కులో పేజ్‌ఫైల్ అని ఓ పెద్ద జాగా ఉంటుంది. ర్యామ్ చాలనప్పుడు వాడుకునే పెరడు లాంటిదది. డిస్కు మీద ఆ జాగా ఎక్కడెక్కడుందో విండోస్ మొదలైనప్పుడే గుర్తుపెట్టుకుంటుంది. కుప్పకూలిన క్షణాన ఇంకెవర్నీ సాయం అడక్కుండా నేరుగా అక్కడికే వెళ్లి గుట్టగా పోసేస్తుంది. మళ్లీ ఆన్ అయ్యాక తీరిగ్గా ఆ గుట్టను తీసి 'మెమొరీ డాట్ డీఎంపీ' అనే ఫైలుగా విండోస్ ఫోల్డర్లో పెడుతుంది. మరో చిన్న ప్రతిని 'మినీడంప్' ఫోల్డర్లో తేదీతో సహా దాస్తుంది. 'వేగం కోసం' అని ఎవరి మాటో విని పేజ్‌ఫైల్‌ను తీసేసేవాళ్లున్నారు. వాళ్ల కంప్యూటర్ పోతూపోతూ చెప్పాలనుకున్నా, రాసుకోవడానికి కాగితం ఉండదు.

సైడింగ్‌లో రెండో కెర్నల్

సర్వర్లలో ఎక్కువగా వాడే లినక్స్ ఇంకో దారి తొక్కింది. దెబ్బ తిన్న కెర్నల్‌తో వాంగ్మూలం రాయించడమెందుకు, మరో ఆరోగ్యవంతుణ్ని పిలిపిద్దాం అనుకుంది. ర్యామ్‌లో కొంత జాగాను మొదట్నుంచే విడిగా కట్టిపెట్టి, అందులో ఓ చిన్న కెర్నల్‌ను నిద్రపుచ్చుతారు. ఆ జాగాను ఇంకే పనికీ ముట్టుకోరు. పెద్ద కెర్నల్ కూలగానే చిన్నది లేచి, పాతదాని జ్ఞాపకాన్నంతా జాగ్రత్తగా డిస్కులోకో, నెట్‌వర్క్‌లో వేరే యంత్రానికో చేర్చి, అప్పుడు కంప్యూటర్‌ను తిరిగి మొదలుపెడుతుంది. గుంతకల్లు లాంటి పెద్ద జంక్షన్లలో ప్రమాద సహాయ రైలు ప్రత్యేక సైడింగ్‌లో ఎప్పుడూ సిద్ధంగా నిలబడి ఉండటం చూసేవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

దీని పేరు కేడంప్. దీని పుట్టుకలో మన పొరుగూరి చెయ్యి ఉంది. 2005లో కెనడాలోని ఒట్టావాలో జరిగిన లినక్స్ సదస్సులో కేడంప్‌ను వివరించిన పరిశోధన పత్రం మీద మూడు పేర్లున్నాయి. వాళ్లలో వివేక్ గోయల్, హరిప్రసాద్ నెల్లితీర్థ బెంగళూరులోని ఐబీఎం ఇంజినీర్లు. మూడో ఆయన అమెరికాకు చెందిన ఎరిక్ బీడర్‌మన్. అదే ఏడాది ఆగస్టులో విడుదలైన లినక్స్ 2.6.13లో కేడంప్ చేరింది. గుంతకల్లులో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి చేరే ఊళ్లో రాసిన ప్రోగ్రామ్ ఇవాళ ప్రపంచమంతటా సర్వర్లలో కాపలా కాస్తోందన్నమాట.

ఉంగరాల కాలం నుంచి...

లినక్స్, యునిక్స్ వాడేవాళ్లు క్రాష్ డంప్‌ను 'కోర్ డంప్' అనీ అంటారు. ఈ కోర్ ఏమిటి? 1950లు, 60లలో కంప్యూటర్ జ్ఞాపకమంటే ఇప్పటి చిప్పులు కాదు. ఆవగింజంత ఫెర్రైట్ ఉంగరాలు. సన్నటి తీగలకు వాటిని పూసల్లా గుచ్చేవారు. ఒక్కో ఉంగరం 'కోర్'. ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో 1960లో పూర్తయిన టిఫ్రాక్‌లో ఉన్నదీ అలాంటి జ్ఞాపకమే. ఆ రోజుల్లో ప్రోగ్రామ్ ఆగిపోతే కోర్‌లో ఉన్నదంతా అంకెలుగా కాగితాల మీద అచ్చేసేవారు. ప్రోగ్రామర్ ఆ దస్తాను ముందేసుకుని, ఎర్ర పెన్సిలుతో తప్పు వెతుక్కునేవాడు. ఉంగరాలు పోయాయి, కాగితాలూ పోయాయి. పేరు మాత్రం మిగిలిపోయింది.

రైలు టికెట్‌కూ ఈ కథలో చోటుంది. రైల్వే రిజర్వేషన్లకు దేశంలో ఐదు కంప్యూటర్ కేంద్రాలుండేవి. దక్షిణ మధ్య రైల్వేకు సికింద్రాబాద్ కేంద్రం. 1999లో ఐదింటినీ కలిపిన 'కన్సర్ట్' సాఫ్ట్‌వేర్ నడిచింది వీఎంఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద. డిజిటల్ కంపెనీలో దాన్ని తీర్చిదిద్దినవాళ్లలో ముఖ్యుడు డేవ్ కట్లర్. వీఎంఎస్ కూలితే 'సిస్‌డంప్ డాట్ డీఎంపీ' అని ఓ ఫైలు రాసేది. కట్లర్ 1988లో మైక్రోసాఫ్ట్‌కు మారి విండోస్ ఎన్టీని కట్టారు. అది 1993లో బయటికొచ్చింది. ఇప్పుడు మన ఇళ్లలో ఉన్న విండోస్ దాని వారసత్వమే. మెమొరీ డాట్ డీఎంపీ అన్న పేరులోనూ ఆ పాత ఇంటి వాసన తెలుస్తూనే ఉంటుంది.

అన్నట్టు, నీలి తెర కంపెనీకి 2014 నుంచి సారథిగా ఉన్న సత్య నాదెళ్ల మూలాలు అనంతపురం జిల్లాలోనే ఉన్నాయి. ఆయన తండ్రి, ఐఏఎస్ అధికారి యుగంధర్ స్వగ్రామం యల్లనూరు మండలంలోని బుక్కాపురం. ఫార్మాట్ కొట్టేముందు జిల్లా వాళ్లయినా ఒకసారి ఆలోచించాలి మరి!

'డోంట్ సెండ్' నొక్కింది మీరే కదా?

విండోస్ ఎక్స్‌పీ రోజులు గుర్తున్నాయా? ఏదైనా ప్రోగ్రామ్ ఆగిపోతే ఓ చిన్న పెట్టె వచ్చేది. 'సెండ్ ఎర్రర్ రిపోర్ట్', 'డోంట్ సెండ్'. నూటికి తొంభై మంది చెయ్యి రెండోదాని మీదికే వెళ్లేదంటే అతిశయోక్తి కాదేమో. మొదటిది నొక్కినవాళ్ల చిన్న వాంగ్మూలం మైక్రోసాఫ్ట్‌కు వెళ్లేది. అక్కడ పోస్టాఫీసులో ఉత్తరాలు ఊళ్లవారీగా గూళ్లలో వేసినట్టు, ఏ ప్రోగ్రామ్, ఏ వెర్షన్, ఎక్కడ ఆగింది అనేదాన్ని బట్టి వేరుచేసేవారు. ఏ గూడు ముందు నిండితే ఆ తప్పును ముందు సరిచేసేవారు. మొత్తం తప్పుల్లో కేవలం ఒక శాతమే సగం క్రాష్‌లకు కారణమని అలా తేలినట్టు అప్పటి సీఈఓ స్టీవ్ బామర్ 2002లో వినియోగదారులకు రాసిన లేఖలో చెప్పారు. అంటే ఎవరో పంపిన వాంగ్మూలంతో మరెవరి కంప్యూటరో బాగుపడిందన్నమాట.

ఆ శుక్రవారం ఉదయం

క్రాష్ డంప్ విలువ ప్రపంచానికంతటికీ ఒకేసారి తెలిసొచ్చిన రోజు 2024 జులై 19. మన గడియారంలో ఉదయం 9 గంటల 39 నిమిషాలు. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ తన సాఫ్ట్‌వేర్‌కు ఓ చిన్న అప్‌డేట్ ఫైలు పంపింది. తప్పు తెలుసుకుని 10 గంటల 57 నిమిషాలకు వెనక్కు తీసుకుంది. మధ్యలో గడిచింది 78 నిమిషాలే. ఈలోపు మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరకు అతుక్కుపోయాయి. విమానాలు ఆగాయి, బ్యాంకులూ ఆసుపత్రులూ తడబడ్డాయి. శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. రైళ్లు మాత్రం ఎప్పట్లాగే నడిచాయి, రిజర్వేషన్ కౌంటర్లూ పనిచేశాయి.

అంత గందరగోళంలోనూ తప్పు ఎక్కడుందో త్వరగానే దొరికింది. ఎలా? కూలిన యంత్రాలు వదిలిన డంప్‌ల వల్ల. వాటిని విప్పి చూస్తే ప్రతిసారీ ఒకే డ్రైవర్ పేరు కనిపించింది. అది తనది కాని, అసలు లేని చోట నుంచి డేటా చదవబోయింది. మైక్రోసాఫ్ట్ ఆ డంప్‌ల విశ్లేషణను తర్వాత బయటపెట్టింది. ఆగస్టు 6న క్రౌడ్‌స్ట్రైక్ ఇచ్చిన నివేదిక అసలు కారణం చెప్పింది. ప్రోగ్రామ్ అందించేవి 20 విలువలు. కొత్త ఫైలు 21వ దాని కోసం చూడమంది. 72 బెర్తుల బోగీలో 73వ బెర్తు మీద కూర్చోబోయిన ప్రయాణికుడి గతి ఏమవుతుంది? నేల మీద పడతాడు. అదే జరిగింది.

కారణం తెలిసింది కాబట్టే మందూ తెలిసింది. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ ఒక్క ఫైలును తీసేస్తే చాలు. చాలాచోట్ల యంత్రం దగ్గరికి మనిషి స్వయంగా వెళ్లాల్సి రావడం వల్ల రోజులు పట్టింది గానీ, అన్ని లక్షల కంప్యూటర్లనూ ఫార్మాట్ కొట్టాల్సిన పని తప్పింది.

ఇంట్లో చెయ్యగలిగినంత

ఇవన్నీ ఇంజినీర్ల సంగతులు, మనకెందుకు అనుకోవద్దు. ఇంట్లో చేసుకోగలిగినవి కొన్నున్నాయి. 'దిస్ పీసీ' మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి వెళ్తే 'అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్' కనిపిస్తుంది. అందులో 'స్టార్టప్ అండ్ రికవరీ'. డంప్ రాయాలా వద్దా, ఎంత రాయాలి అనేది అక్కడే. మామూలు వాడకానికి 'ఆటోమేటిక్' చాలు. జాగా తక్కువైతే 'స్మాల్' పెట్టుకోండి. అది వందల కిలోబైట్లలోనే సరిపెట్టుకుంటుంది. 'కంప్లీట్' అంటే ర్యామ్‌లో ఉన్నదంతా. పదహారు జీబీ ర్యామ్ ఉంటే ఫైలూ ఇంచుమించు అంత ఉంటుంది. పైగా పేజ్‌ఫైల్ ర్యామ్ కన్నా కాస్త పెద్దదిగా ఉండాలి. ఇంట్లో దాంతో పనిలేదు. అక్కడే 'ఆటోమేటికల్లీ రీస్టార్ట్' దగ్గర టిక్కు తీసేస్తే నీలి తెర మీరు చదివేదాకా ఆగుతుంది. ఫోనుతో ఓ ఫొటో తీసుకోవచ్చు.

పెద్ద డంప్ ఒక్కటే ఉంటుంది. కొత్తది వస్తే పాతదాన్ని చెరిపేస్తుంది. డిస్కులో ఖాళీ 25 జీబీ కన్నా తగ్గితే విండోస్ తానే దాన్ని తీసేయవచ్చు కూడా. ఇక 'డిస్క్ క్లీనప్' చేసేటప్పుడు అన్నిటికీ టిక్కు పెట్టేసే అలవాటుందా? ఎర్రర్ మెమొరీ డంప్ అన్న వరసకూ పెట్టేసి ఉంటారు. ఆధారాలు మాయం! అందుకే రిపేరుకు ఇచ్చేముందు మినీడంప్ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంటే మంచిది.

చదవడానికి మైక్రోసాఫ్ట్ వాళ్ల విన్‌డీబీజీ ఉచితంగా దొరుకుతుంది. కాస్త గంభీరమైన సరుకు. బ్లూస్క్రీన్‌వ్యూ లాంటి చిన్న ఉచిత ప్రోగ్రామ్ అయితే ఏ తేదీన, ఏ కోడ్‌తో, ఏ డ్రైవర్ దగ్గర ఆగిందో పట్టికలా చూపిస్తుంది. ఒక్క డంప్ చూసి తీర్పు చెప్పొద్దు. బండి పడిన చోటే తప్పు జరిగి ఉండాలని లేదు కదా, పట్టా అంతకు ముందే ఎక్కడో విరిగి ఉండొచ్చు. మూడు నాలుగు డంప్‌లు పక్కపక్కన పెట్టండి. ప్రతిసారీ ఒకే డ్రైవర్ పేరొస్తే దాన్ని మార్చి చూడాలి. ఒక్కోసారి ఒక్కో పేరు, ఒక్కో కోడ్ వస్తుంటే అనుమానం ర్యామ్ మీదికి పోవాలి. 124 అనే కోడ్ వస్తే ప్రాసెసర్ లాంటి హార్డ్‌వేర్ వైపు వేలు చూపిస్తున్నట్టు.

అసలు డంపే లేకపోతే? అదీ ఆధారమే. నీలి తెర కూడా రాకుండా ఠపీమని ఆరిపోతుంటే వాంగ్మూలం రాసే వ్యవధి లేదని అర్థం. పవర్ సప్లయ్, వోల్టేజీ, వేడి... అనుమానాలు అటు వెళ్లాలి. ఎండలు మండే, దుమ్ము రేగే అనంతపురం మెట్టసీమలో ఫ్యానుకు దూది పట్టినట్టు దుమ్ము పట్టిన సీపీయూలకు కొదవా?

ఉత్తరంలో రహస్యాలు

డంప్‌ను జాగ్రత్త చెయ్యమన్నాం కదా అని కనపడ్డ వాళ్లందరికీ ఇవ్వొద్దు. ఆ క్షణాన జ్ఞాపకంలో ఏముంటే అదంతా అందులో ఉండొచ్చు. తెరిచి ఉన్న పత్రాలు, పాస్‌వర్డ్‌లు కూడా. చిన్న డంప్‌తో ముప్పు తక్కువ, పెద్దదానితో ఎక్కువ. మైక్రోసాఫ్ట్‌కే ఓ అనుభవం ఉంది. 2023లో చైనా హ్యాకర్లు అమెరికా ప్రభుత్వాధికారుల ఈమెయిళ్లు చదివినట్టు బయటపడింది. వాళ్ల చేతికి చిక్కిన రహస్య డిజిటల్ తాళం 2021 నాటి ఓ క్రాష్ డంప్‌లోంచి పోయి ఉండొచ్చని ఆ సెప్టెంబరులో సంస్థ చెప్పింది. 2024 మార్చిలో మళ్లీ, ఆ తాళం ఉన్న డంప్ ఏదీ తమకు దొరకలేదని సవరించుకుంది. దొంగతనం ఎలా జరిగిందన్నది అలాగే ఉండిపోయింది గానీ, డంప్ ఫైలును బీరువాలో పెట్టాల్సిన వస్తువుగా చూడాలని మాత్రం అందరికీ అర్థమైంది.

ఇప్పుడు నీలి తెర కూడా పాత ముచ్చటైపోతోంది. విండోస్ 11లో దాన్ని నల్లగా మారుస్తున్నట్టు 2025 జూన్‌లో మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ఏడుపు ముఖమూ పోయింది. డంప్ రాసే పద్ధతిని మెరుగుపరచడంతో చాలామందికి ఆ తెర రెండు సెకన్లే కనిపిస్తుందట. ఫొటో తీసే తీరిక ఉండదిక. ఫోల్డర్లో ఫైలు వెతుక్కోవాల్సిందే.

గుంతకల్లు డీటీపీ సెంటర్‌కు మళ్లీ వద్దాం. ఈసారి ఆ అన్న సీడీ పౌచ్ తియ్యలేదనుకోండి. మినీడంప్ ఫోల్డర్ తెరిచాడు. వారంలో మూడు ఫైళ్లు. మూడింట్లో మూడు వేరే పేర్లు, మూడు వేరే కోడ్‌లు. విండోస్‌లోనే ఉండే మెమొరీ డయాగ్నస్టిక్ నడిపిస్తే ర్యామ్‌లో లోపం ఉందని తేలింది. కరెంటు తీసేసి, సీపీయూ మూత విప్పి, రెండు ర్యామ్ పలకల్లో ఒకటి బయటికి లాగాడు. దాని బంగారు రంగు అంచును పిల్లలు పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరుతో మెల్లగా రుద్ది, దుమ్ము ఊది, మళ్లీ గూట్లో నొక్కాడు. కసాపురం నెట్టికంటి ఆంజనేయస్వామిని తలుచుకుని స్విచ్ వేశాడు. పరీక్ష మళ్లీ మొదలైంది. తెర మీద అంకె పెరుగుతోంది. 20 శాతం, 60 శాతం...

బెంచీ మీది కుర్రాళ్లలో ఒకడు ఈలోపు ఫోన్లోనే ఫీజు కట్టేశాడు.